పాత నాణెం: నాణ్యం చూడడం, ధర కట్టడం

తెలుగులో నాణెం అంటే చెలామణీ అయ్యే బిళ్ళ. నాణ్యం అంటే సరుకులోని మంచితనం. ఇంట్లో తెలుగు, కచ్చేరీలో కన్నడం మాట్లాడుకొనే మా పావగడ వాళ్ళకు ఈ రెండు మాటల చుట్టరికం తొందరగా తెలుస్తుంది. కన్నడంలో నాణేన్నే ‘నాణ్య’ అంటారు మరి. నాణెం చూడడమంటే నాణ్యం చూడడమేనని రెండు భాషలూ కలిసి చెబుతున్నట్లున్నది. అయినా మన ఇళ్ళలో పాత నాణేలు అమ్మేటప్పుడు గాని, కొనేటప్పుడు గాని, నాణ్యం చూచేవారు తక్కువ. చెప్పిన ధరకు తల ఊపేవారు ఎక్కువ.

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశే. ఒకవైపు మడకశిర, మరొకవైపు పెనుకొండ, ఇంకొకవైపు కల్యాణదుర్గం, కొంచెం దూరాన గుత్తి. మన తాలూకాలోనే నిడుగల్లు దుర్గం ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన తరువాత రాయల రాజధాని పెనుకొండకే వచ్చింది. ఆ తరువాత మైసూరు ఒడెయర్లు, హైదరు, టిప్పు, కుంపిణీవారు, దొరల ప్రభుత్వం. ఇందరు ఏలిన సీమలో ఇందరి నాణేలూ మిగిలి ఉండడంలో వింత లేదు. దేవుని గూటిలోనో, బియ్యం డబ్బాలోనో, అవ్వగారి భోషాణం అడుగునో పాత గుడ్డలో కట్టిన నాలుగు బిళ్ళలు లేని పాత ఇల్లు మన వాళ్ళలో అరుదు.

వానలు తప్పిన ఏడు ఆ మూట బయటికి వస్తుంది. పిల్ల పెళ్ళికో, ఆస్పత్రి ఖర్చుకో, కాలేజీ ఫీజుకో దాన్ని విప్పుతారు. అప్పుడు ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత కండ్ల ముందు నిలుస్తుంది. అమ్మేవారికి అరిగిన వెండి అని చెబుతారు. అదే బిళ్ళను కొనేవారికి దొరకని నిధి అని చెబుతారు. ఈ రెండు మాటల నడుమ నిజమైన ధర ఎక్కడ ఉంటుందో తెలుసుకొనే దారి చెప్పడమే ఈ వ్యాసం పని. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక భూతద్దం, ఒక చిన్న తూకం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మొదటి ప్రశ్న: ఇది ఏమి?

నాణెం చేతికి రాగానే ధర అడగకూడదు. ఇది ఎవరిది, ఏ లోహం, ఏ సంవత్సరం, ఎంత విలువకు కొట్టినది అన్నది ముందు తేల్చుకోవాలి.

విజయనగరపు నాణేలలో ముఖ్యమైనది బంగారు వరహా. తూకం దాదాపు మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. అరవరహా అందులో సగం. మొదటి రాజుల వాటిమీద హనుమంతుడు ఉంటాడు. కృష్ణదేవరాయల వాటిలో కూర్చున్న బాలకృష్ణుడు ఒకవైపు, నాగరి అక్షరాలలో రాయల పేరు రెండవవైపు ఉంటాయి. అచ్యుతరాయల నాణేలకు గండభేరుండం గుర్తు. పెనుకొండనుండి ఏలిన తిరుమలరాయల వరహామీద సీతారామలక్ష్మణులు ఉంటారు. మైసూరు కంఠీరవ నరసరాజ ఒడెయరు 1638 నుండి 1659 వరకు ఏలినాడు. ఆయన కొట్టించిన కంఠీరాయ హణం మినపగింజకంటె కొంచెం పెద్ద. తూకం గ్రాములో మూడో వంతు ప్రాంతం. ఊదితే ఎగిరిపోయే ఆ బంగారు రేకుమీద నరసింహస్వామి ఉంటాడు.

టిప్పు రాగి పైసాలు మన వైపు తరచు కనబడేవి. ఒకవైపు ఏనుగు, రెండవవైపు టంకశాల పేరు. ఈ టంకశాలల పేర్లు మన పిల్లలకు చెప్పదగ్గవి. ‘పటన్’ అంటే శ్రీరంగపట్టణం. ‘ఫైజ్ హిసార్’ అంటే మన గుత్తి. ‘జఫరాబాద్’ అంటే గుర్రంకొండ. ‘ఫరూఖ్‌యాబ్ హిసార్’ అంటే చిత్రదుర్గం. అంటే మన తెలుగు ఊళ్ళలోనే ఆ పైసాలు అచ్చుపడ్డాయన్నమాట. 1787 మొదలు టిప్పు మౌలూదీ అనే కొత్త శకం పెట్టి, నాణేలమీద అంకెలను కుడినుండి ఎడమకు వ్రాయించాడు. ఇది తెలియనివారు సంవత్సరాన్ని తలకిందులుగా చదివి ఏవేవో కథలు అల్లుతారు. ఆ తరువాత ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో ‘మయిలీ కాసు ఇప్పత్తు’ అని కన్నడంలోను, దాని కిందనే ఇంగ్లీషులోను వ్రాసిన రాగి కాసులు వచ్చినవి.

ఇక మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి దొరల కాలపు వెండి రూపాయలు. 1835లో కుంపిణీవారు తమ సీమలన్నిటికీ ఒకే రూపాయ పెట్టారు. దానిమీద నాలుగవ విలియం తల. 1840 నుండి విక్టోరియా, 1903 నుండి ఎడ్వర్డు, 1911 నుండి అయిదవ జార్జి, 1938 నుండి ఆరవ జార్జి. 1862 తేదీ ఉన్న రూపాయలు మాత్రం ఆ ఒక్క ఏడాదివి కావు. అదే తేదీతో 1874 వరకు కొట్టారు. కాబట్టి 1862 బిళ్ళ దొరకడం సులువు. వాటిలో చుక్కల తేడాలు వెదికి సేకరించేవారు వేరే ఉన్నారు.

తూకం అబద్ధమాడదు

పాత రూపాయకు ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. దాని తూకం సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. మన పెద్దలు కంసాలి తూకంలో రాళ్ళకు బదులు రూపాయలు వేసి బంగారం తూచింది అందుకే. అర్ధరూపాయ 5.83 గ్రాములు, పావలా 2.92, వెండి బేడ 1.46. పాత రాగి కానీ 6.47 గ్రాములు, 1906 నుండి దాన్ని కంచుతో 4.86 గ్రాములకు తగ్గించారు.

చాలా ఏళ్ళు చేతులు మారిన రూపాయ కొంత అరుగుతుంది. దొరల కాలపు చట్టం ప్రకారం నూటికి రెండు వంతులు మించి అరిగిన రూపాయను తీసుకోవలసిన పని లేదు. అంటే దాదాపు 0.23 గ్రాములు. మీ తూకంలో రూపాయ 11.4కు పైన ఉంటే మామూలు అరుగుదల అనుకోవచ్చు. బొమ్మ నిగనిగలాడుతూ ఉండి తూకం 10 గ్రాములే ఉంటే అనుమానించవలసిందే. అరగనిది తేలికగా ఎలా అయింది?

లోహం సంగతి ఇంకొకటి. 1939 వరకు తేదీ ఉన్న రూపాయలలో పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. అంటే ఒక్కొక్క రూపాయలో 10.69 గ్రాముల మేలిమి వెండి. యుద్ధకాలంలో, 1940 నుండి 1945 వరకు, వెండి సగానికి తగ్గింది. వాటిలో మేలిమి 5.83 గ్రాములే. 1947 తేదీ రూపాయలలో వెండి అసలే లేదు, అవి నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే నికెలు అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. 1947 రూపాయమీద పులి ఉంటుంది గనుక దానికి ముచ్చటపడేవారు ఉన్నారు గాని, దానిని వెండి ధరకు కొనకూడదు.

బిళ్ళను పాడుచేయకుండా లోహం పరీక్షించడానికి నీటి తూకం ఉన్నది. తూకంమీద నీళ్ళగిన్నె పెట్టి, ముల్లు సున్నాకు తెచ్చి, సన్నని దారంతో రూపాయను నీటిలో వేలాడదీయండి. అది అడుగుకు గాని, పక్కకు గాని తగలకూడదు. మంచి వెండి రూపాయ అయితే తూకం 1.13 గ్రాముల ప్రాంతం చూపుతుంది. జర్మన్ సిల్వరు అయితే 1.34 చూపుతుంది. గీటురాయిమీద మాత్రం గీయనివ్వకండి. ఆ గీత నగకు చెల్లుతుంది గాని నాణేనికి మచ్చ.

మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక అవ్వగారు మనుమరాలి ఫీజు కోసం పధ్నాలుగు రూపాయ బిళ్ళలు అమ్మకానికి తీసినది. సంచీ వేసుకొని వచ్చిన బేరగాడు వాటిని చూచి, “అవ్వా, ఇవన్నీ యుద్ధం కాలంవి. సగం వెండే. తూకానికి తీసుకుంటా” అన్నాడు.

“అన్నీ ఒకటేనా నాయనా?” అన్నది అవ్వ.

“అన్నీ ఒకటే అవ్వా, అరిగిన బిళ్ళలు.”

పక్కింటి కోడలు వచ్చి, “ఉండండి మామా, తేదీలు చదువుతాను” అని వరుసగా పేర్చింది. మూడు విక్టోరియా, అయిదు అయిదవ జార్జి, ఆరు మాత్రమే 1944వి. అందరి లెక్కలో బేరగాడి ప్రకారం మేలిమి 81.6 గ్రాములు. అసలు లెక్కలో మొదటి ఎనిమిదింటికి 85.5, మిగతా ఆరింటికి 35, మొత్తం 120.5 గ్రాములు. ఒక్క మాటతో 39 గ్రాముల వెండి, అంటే మూడు తులాలకు పైగా, చేయి జారిపోయేది. తేదీ చదవడానికి పట్టిన కాలం అయిదు నిమిషాలు. బేరగాడు నవ్వి, “చదువుకున్న కోడలు ఉన్న ఇంట్లో బేరం కుదరదులే” అని టీ తాగి వెళ్ళిపోయినాడు. అవ్వ ఆ ఆరింటిని మాత్రం తెలిసిన కంసాలికి ఆనాటి వెండి ధరకు ఇచ్చి, మిగతా ఎనిమిదీ మనుమరాలి పేరన మూటకట్టింది.

అరుగుదల, మరకలు, తోముడు

నాణెం స్థితిని చెప్పడానికి వ్యాపారులు వాడే మాటలు ఇంగ్లీషువే. కింది మెట్టునుండి గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చివరకు అన్‌సర్క్యులేటెడ్. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ‘గుడ్’ అంటే మంచిదని మోసపోకండి. అది దాదాపు అన్నిటికంటె కింది మెట్టు. రూపురేఖ, అక్షరాలు మాత్రం మిగిలి లోపలి పని అంతా అరిగిపోయిందని అర్థం. ‘ఫైన్’ అంటే సగం పని కనబడుతుంది. ‘వెరీ ఫైన్’ అంటే ఎత్తైన చోట్లు చదునైనా మిగతా గీతలు నిలిచి ఉన్నవి. ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ అంటే ఎత్తైన కొసలకు మాత్రం కొంచెం రాపిడి తగిలింది. ‘అన్‌సర్క్యులేటెడ్’ అంటే ఒక్కనాడూ బజారు చూడలేదు. టంకశాల మెరుగు ఇంకా ఉన్నది. 1949లో అమెరికాలో షెల్డన్ అనే ఆయన ఇదే సంగతిని ఒకటి నుండి డెబ్బై వరకు అంకెలలో పెట్టాడు. నాణేలను గాజువంటి పెట్టెలో మూసి అంకె వేసే ఇప్పటి కంపెనీలు ఆ కొలతనే వాడుతున్నవి.

అరుగుదల మొదట పడేది బొమ్మలో ఎత్తైన చోట. కిరీటం పెట్టుకొన్న విక్టోరియా రూపాయలో చెవిపైన జుట్టు, రవికెమీది పూలపని చూడండి. ఎడ్వర్డుకు కిరీటం లేదు గనుక చెవి, దానిపై వెంట్రుకలు చూడాలి. అయిదవ జార్జికి కిరీటంలోని రాళ్ళు, గడ్డం, అంగీమీది ఏనుగు. మన రిపబ్లిక్ నాణేలకు సింహాల ముఖాలు. భూతద్దంలో ఈ చోట్లు చూచి, తరువాత మైదానంలో గీతలు వెదకండి. వెలుగు ఒకవైపునుండి పడేటట్లు, బిళ్ళను అంచుపట్టుకొని తిప్పుతూ చూడాలి. వేళ్ళు బొమ్మమీద పెట్టకూడదు. చెమట మరక నిలిచిపోతుంది.

టిప్పు పైసాకు, వరహాకు ఈ కొలత అలాగే అతకదు. అవి చేతి సుత్తితో కొట్టినవి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందువల్ల ఏనుగు తొండం బయటికి పోవడం, అక్షరం సగం పడడం పుట్టుకతో వచ్చిన లోపాలే గాని అరుగుదల కాదు. అటువంటి వాటిలో టంకశాల పేరు, తేదీ ఎంతవరకు నిలిచినవో చూచి ధర కట్టాలి. గుత్తి పేరు పూర్తిగా చదవగలిగిన పైసాకు, పేరే పడని పైసాకు ఒకే ధర ఎలా అవుతుంది?

మన ఇళ్ళలో నాణేలకు పెద్ద శత్రువు చింతపండు. పండుగ వస్తే ఇత్తడి చెంబులతో పాటు పాత బిళ్ళలనూ చింతపండు, బూడిద పెట్టి తోముతారు. తళతళలాడితే ధర పెరుగుతుందని నమ్మకం. జరిగేది అందుకు విరుద్ధం. వెండిమీద ఏళ్ళతరబడి పట్టిన నల్లని, నీలి పొర దాని వయసుకు సాక్ష్యం. రాగిమీది కాఫీరంగు పొర దానికి కవచం. తోమితే ఆ పొర పోయి, మైదానమంతా సన్నని గీతలు పడతాయి. తెలిసినవాడు ఒక్కచూపులో “ఇది తోమినది” అని ధర తగ్గిస్తాడు. మట్టి అంటుకొని ఉంటే మంచినీటిలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టడం వరకే మన హద్దు.

మరొకటి కాసులపేరు. అవ్వలు సవరన్లను, రూపాయలను కొక్కెం అతికించి మెడలో వేసుకొన్నారు. అది మన ఇంటి వైభవమే గాని, సేకరించేవాడి కంట అంచున టాకా మరక ఉన్న నాణెం లోహపు ధరకు దగ్గరగా దిగిపోతుంది. చిల్లు పొడిచినదీ అంతే. 1943 మొదలు యుద్ధకాలంలో వచ్చిన చిల్లికానీ మాత్రం చిల్లుతోనే పుట్టింది. దాని చిల్లు లోపం కాదు. కొనేటప్పుడు అంచుచుట్టూ ఒకసారి గోటితో తడమండి. టాకా తీసి నున్నగా ఆకురాయి పట్టిన చోట గోరు జారుతుంది.

దొంగ నాణేలు, పుట్టని నాణేలు

పోతపోసిన దొంగ నాణెం అంచున సన్నని అతుకు గీత ఉంటుంది. మైదానంలో సూదిమొనల వంటి గుంటలు, అక్షరాల అంచులు మొద్దుబారి కరిగినట్లు ఉంటాయి. బల్లమీద నెమ్మదిగా వేస్తే మంచి వెండి సన్నగా మోగి నిలుస్తుంది. సీసం కలిసినది బొటుక్కుమంటుంది. 1939 తేదీ రూపాయ చాలా అరుదు. అందుకని ఆ తేదీతో ఎవరైనా బిళ్ళ చూపితే చివరి అంకెను భూతద్దంలో చూడకుండా దుడ్డు తీయకండి. ఎనిమిదిని తొమ్మిది చేయడానికి చిన్న ఉలి చాలు.

ఇంకొక రకం అసలు పుట్టని నాణేలు. రాముడు, హనుమంతుడు, పద్మం, ఓంకారం వేసి, ‘ఈస్టిండియా కంపెనీ 1616’, ‘1717’, ‘1818’, ‘ఒక అణా’ అని వ్రాసిన బిళ్ళలు సంతల్లో, తీర్థాలలో కనబడతాయి. కుంపిణీవారు అటువంటివి ఎన్నడూ కొట్టలేదు. అవి పూజకు పెట్టుకొనే బిళ్ళలు మాత్రమే. రామపట్టాభిషేకం ఉన్న రామటంకాలు కూడా దేవస్థానాల గుర్తు బిళ్ళలే. పాతవి, చక్కనివి ఉన్నా అవి ఏ రాజూ చెలామణీకి ఇచ్చిన నాణేలు కావు. భక్తితో కొనండి, పూజలో పెట్టండి. వరహా ధర మాత్రం ఇవ్వకండి.

వీటన్నిటికీ మించినది ‘రైస్ పుల్లింగ్’ అనే మోసం. ఫలానా కుంపిణీ రాగిబిళ్ళ బియ్యం గింజలను లాగుతుంది, విదేశాలలో దానికి కోట్లు ఇస్తారు, పరీక్షకు ముందుగా ఇంత కట్టాలి అని చెప్పి తెలుగు, కన్నడ సీమలలో ఎందరినో ముంచారు. రాగి బియ్యాన్ని లాగదు. లాగినట్లు చూపితే గింజలో ఇనుపరజనో, బిళ్ళ వెనుక అయస్కాంతమో ఉన్నదని అర్థం.

ధర కట్టే లెక్క

వెండి, బంగారు నాణేలకు అడుగుధర అంటూ ఒకటి ఉన్నది. ‘ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే’ అన్నట్లు, అరిగినా చితికినా లోహం ధర పోదు. రూపాయకు 10.69ని ఆనాటి గ్రాము వెండి ధరతో హెచ్చించండి. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము 100 రూపాయలు అనుకొంటే 1,069 రూపాయలు. సవరనుకు తూకం 7.98 గ్రాములైనా మేలిమి బంగారం 7.32 గ్రాములు; దానితో లెక్క వేయాలి. రాగి, నికెలు నాణేలకు ఈ అడుగుధర లేనట్లే.

ఇప్పుడు అంగడివాడు ఆ రూపాయకు 3,000 అడిగాడనుకొందాం. లోహం పోగా మిగిలిన రెండు వేలు దేనికి అని మర్యాదగా అడగాలి. సంవత్సరం అరుదా? టంకశాల గుర్తు అరుదా? స్థితి మేలా? ఈ మూటిలో ఒకటి చూపించగలిగితే బేరం సాగనివ్వండి. ‘పాతది గదా’ అన్న మాట ఒక్కటే జవాబు అయితే లేచి రావచ్చు.

వయసుకు ధర రాదనడానికి ఒక మంచి నిదర్శనం ఉన్నది. 1809 జనవరిలో మద్రాసుకు రాగి కాసులు వేసుకొని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కుంపిణీ ఓడ ఇంగ్లండు ఒడ్డు దాటకుండానే గుడ్‌విన్ ఇసుకతిన్నెలమీద మునిగింది. 1980ల నాటికి దానిలోని 1808 తేదీ కాసులు లక్షలలో పైకి తీశారు. మన మద్రాసు సీమ కోసం కొట్టినవి, రెండు వందల ఏళ్ళు దాటినవి, బజారు చూడనివి. అయినా గుట్టలుగా ఉన్నవి గనుక కొద్ది ధరకే దొరుకుతున్నవి. ధరను పుట్టించేది వయసు కాదు. ఎన్ని మిగిలినవి, ఎందరు కోరుతున్నారు అన్న రెండు సంగతులు.

దీనికి తోడు 1911 రూపాయ చూడండి. ఆ ఏడు అయిదవ జార్జి అంగీమీద ఏనుగు బొమ్మ పందిలా ఉన్నదని జనం గోలపెట్టగా, దానిని సరిదిద్ది 1912 నుండి మార్చారు. అందువల్ల 1911 బిళ్ళకు ‘పంది రూపాయ’ అని పేరు పడి, మామూలు జార్జి రూపాయకంటె పైచిలుకు పలుకుతుంది. అయితే పైచిలుకే గాని లక్షలు కాదు.

సరైన బజారు ధర తెలియాలంటే అడిగిన ధరలు చూడకూడదు. అమ్ముడుపోయిన ధరలు చూడాలి. బెంగళూరు, ముంబయి వంటి చోట్ల జరిగే నాణేల వేలంపాటల ఫలితాలు అచ్చవుతాయి. అదే నాణెం, అదే మెట్టు, మూడు నాలుగు పాటలలో ఎంతకు పోయిందో చూచి సగటు తీయండి. పాట ధరమీద వేలంవారి కమిషను ఉంటుందని మరువకండి. పుస్తకంలోని ధర కొనేవాడికి హద్దు. అమ్మేవాడికి అంత చేతికి రాదు. అంగడివాడు అద్దె కట్టాలి, నెలల తరబడి సరుకు పెట్టుకోవాలి. అతడు కొంత తగ్గించి కొనడం అన్యాయం కాదు. ఎంత తగ్గిస్తున్నాడో మనకు తెలిసి ఇవ్వడం న్యాయం.

బేరానికి పోయినప్పుడు ఇద్దరు ముగ్గురికి చూపండి. మొదటివాడు చెప్పిన ధర రెండవవాడికి చెప్పకండి. కొనేటప్పుడు నాణెం పేరు, సంవత్సరం, తూకం, మెట్టు వ్రాసిన రసీదు అడగండి. దొంగదని తేలితే వాపసు తీసుకొంటానన్న మాట కూడా అందులో ఉండాలి. రసీదుకు వెనుకాడేవాడి దగ్గర ఎంత చవకైనా ఖరీదే.

ఫోనులో వచ్చే లక్షాధికారులు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు పది లక్షలు, ట్రాక్టరు బొమ్మ నోటుకు అయిదు లక్షలు అని ఫోనులలో ప్రకటనలు తిరుగుతున్నవి. వైష్ణోదేవి నాణేలు 2012లో చెలామణీకి వచ్చినవే. ఇంకా చేతులు మారుతున్న బిళ్ళకు లక్షలు ఎవరిస్తారు? ఆ ప్రకటన చూచి ఫోను చేస్తే, ముందు రిజిస్ట్రేషను ఫీజు, తరువాత పన్ను, తరువాత కమిషను అని వరుసగా లాగుతారు. రిజర్వు బ్యాంకు పేరు, ముద్రకూడా వాడుకొంటారు. ఈ మోసాలను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తాను అటువంటి వ్యాపారం చేయదనీ, ఫీజులు వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ చెప్పింది. సూత్రం ఒక్కటే జ్ఞాపకం ఉంచుకొంటే చాలు: కొనేవాడు మనకు దుడ్డు ఇస్తాడు, మననుండి పుచ్చుకోడు.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. నూరేళ్ళు నిండిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దానిని ఇంట్లో పెట్టుకోవచ్చు. వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి. దేశం దాటించడానికి మనకు వీలు లేదు. అమెరికాలో ఉన్న కొడుకుకు తాతగారి విక్టోరియా రూపాయ పెట్టెలో వేసి పంపాలనుకొనేవారు ఈ మాట గమనించాలి. అలాగే పొలం దున్నేటప్పుడో, పునాది తీసేటప్పుడో కుండ బయటపడితే అది మనది అనుకోకూడదు. భూమిలో దొరికిన నిధిని సర్కారుకు తెలపాలన్న నియమం 1878 చట్టంనుండి ఉన్నది. అటువంటి నాణేలు దొంగచాటుగా అమ్మితే ధర పదోవంతు కూడా రాదు, కేసు మాత్రం పూర్తిగా వస్తుంది. పైగా ఏ రాజు నాణెం ఏ ఊరిలో, ఏ కుండలో, దేనితో కలిసి దొరికిందన్న చరిత్ర చెదిరిపోతుంది.

చివరగా ఒక మనవి. అమ్మినా అమ్మకపోయినా, ఈ నెలలో ఒక ఆదివారం మీ ఇంటి మూట విప్పి పిల్లల ముందు పెట్టండి. ఒక్కొక్క నాణేనికి ఒక చిన్న కాగితపు సంచి చేసి, తేదీ, తూకం, ఏ అవ్వ దగ్గరినుండి వచ్చింది అన్నది మీ చేతి వ్రాతతో వ్రాయండి. ప్లాస్టిక్ మెత్తని కవర్లలో పెట్టకండి. వాటిలో కొన్ని లోహాన్ని పచ్చబరుస్తాయి. రబ్బరు బాండు వేయకండి, వెండి నల్లబడుతుంది. లెక్క వ్రాసిన ఇంట్లో పంపకాలప్పుడు తగవు రాదు. అన్నదమ్ములలో ఒకడికి 1920 రూపాయ, ఇంకొకడికి 1944 రూపాయ సమానమని పంచి, తరువాత తేడా తెలిసి మాటలు పోయిన ఇండ్లు ఉన్నవి. అక్షరం తెలిసిన బిడ్డ ఇంట్లో ఉండగా ఆ తేదీ ముందే చదివి పెట్టుకోవడం ఎంత పని?